స్కాన్ తప్పు చెబితే బాధ్యులెవరు?

ప్రశ్న: గుండె నుంచి బయలుదేరే బృహద్ధమనిలో అన్యూరిజం (ధమని గోడ ఉబ్బడం) ఏర్పడటంతో మా నాన్నగారికి ఆపరేషన్ చేసి, ఉబ్బిన భాగం తీసేసి గ్రాఫ్ట్ (కృత్రిమ గొట్టం) వేశారు. ఏడాది తరువాత ఛాతీ నొప్పి వస్తే వేరే ఆసుపత్రిలో చేర్పించాం. కాంట్రాస్ట్ (రక్తం స్కాన్‌లో తెల్లగా కనబడేందుకు ఎక్కించే మందు) ఇచ్చి సీటీ స్కాన్ తీసి, గ్రాఫ్ట్ అతుకు దగ్గర రక్తం లీకై సూడో అన్యూరిజం (లీకైన రక్తం ధమని పక్కన సంచిలా చేరడం) ఏర్పడిందన్నారు. మర్నాడు మళ్లీ ఛాతీ తెరిచారు. లోపల లీకేమీ లేదు, మొదటి సర్జన్ కుట్ల దగ్గర పెట్టిన ఫెల్ట్ (మందపాటి గుడ్డలాంటిది) ముక్కలే అలా కనిపించాయన్నారు. నాన్నగారు చాలాకాలం మంచం పట్టారు. మొదటి సర్జన్, రేడియాలజిస్ట్, రెండో ఆసుపత్రి... ముగ్గురి మీదా కేసు వేయవచ్చా?

జవాబు: మొదటి సర్జన్‌ను వదిలేయండి. ఫెల్ట్ ముక్కలు ఆయన లోపల మరచిపోయిన వస్తువులు కావు. జబ్బుపడిన ధమని గోడను కుట్టుదారం కోసుకుపోకుండా దన్నుగా వాటిని కావాలనే పెడతారు. అవి శాశ్వతంగా అక్కడే ఉంటాయి. పైగా ఆయన రాసిన ఆపరేషన్ నోట్ మీ కేసుకు ప్రాణం. దాన్ని రాసిన మనిషినే ప్రతివాదిని చేసుకోవడం తెలివైన పని కాదు.

ఇక రేడియాలజిస్ట్ సంగతి. ఫెల్ట్ సహజంగానే సీటీలో తెల్లగా కనబడుతుంది. కాంట్రాస్ట్ నిండిన రక్తమూ తెల్లగానే ఉంటుంది. రక్తనాళం పక్కన, అదీ అతుకు దగ్గర, ఆ తెలుపు కనబడితే లీకు అనిపించడం సహజం. ఆపరేషన్ అయిన ధమని ఇలా మోసగించడం అరుదేమీ కాదు. గ్రాఫ్ట్‌లో పడిన మడత, ధమని లోపలి పొర చీలినట్టు కనిపించవచ్చు. తొలి వారాల్లో గ్రాఫ్ట్ చుట్టూ నిలిచే ద్రవం, చిన్న గాలి బుడగలు ఇన్ఫెక్షన్‌ను తలపించవచ్చు. అందుకే ఇలాంటి రోగులకు ముందు కాంట్రాస్ట్ లేకుండా ఒకసారి, ఇచ్చాక మరోసారి తీయడం మంచి పద్ధతి. మందు ఎక్కించక ముందే తెల్లగా ఉన్నది రక్తం లీకు కాదని అక్కడే తేలుతుంది.

అయితే తప్పుగా చదివినంత మాత్రాన చట్టం దృష్టిలో నిర్లక్ష్యం కాదు. జేకబ్ మాథ్యూ కేసులో 2005లో సుప్రీంకోర్టు ఈ మాట స్పష్టంగా చెప్పింది. నిర్ణయంలో పొరపాటు వేరు, ఆ వృత్తిలో సాధారణ నైపుణ్యం ఉన్నవారు పాటించే జాగ్రత్తను పాటించకపోవడం వేరు. కాబట్టి రిపోర్టు తప్పని మీరు నిరూపించినా అది సగం పనే. కాంట్రాస్ట్ లేని స్కాన్ తీశారా? పాత స్కాన్లు అడిగారా? స్కాన్ కోరుతూ పంపిన చీటీలో గ్రాఫ్ట్ ఆపరేషన్ సంగతి రాశారా? ఆ చీటీలో ‘ఛాతీ నొప్పి’ అని మాత్రమే ఉంటే, తప్పు రేడియాలజిస్ట్ కంటే పంపినవారిదే ఎక్కువ. రిపోర్టులో ‘అనుమానం, ఇతర పరీక్షలతో పోల్చి చూడాలి’ అని ఉంటే ఆయన చాలావరకు బయటపడతారు.

నా దృష్టిలో కేసు బలమంతా స్కాన్‌కూ ఆపరేషన్‌కూ మధ్య గడిచిన ఆ ఒక్క రోజులో ఉంది. నిజమైన సూడో అన్యూరిజం పగిలితే ప్రాణం పోతుంది. రోగి రక్తపోటు పడిపోతుంటే ఎవరూ ఆగరు, ఆగమని కోర్టూ అనదు. కానీ మర్నాటిదాకా ఆగగలిగారంటే, మొదటి సర్జన్‌కు ఒక ఫోను చేసే వ్యవధి, కాంట్రాస్ట్ శరీరం నుంచి పోయాక మరోసారి స్కాన్ తీసే వ్యవధి ఉండే ఉండాలి. ఎందుకు చేయలేదన్న దానికి రెండో ఆసుపత్రి జవాబు చెప్పుకోవాలి. సమ్మతి పత్రం కూడా చూడండి. చికిత్స స్వభావం, ప్రమాదాలు, ప్రత్యామ్నాయాలు రోగికి తగినంతగా చెప్పాలని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు అంది. నిర్ధారణ ఖాయం కాదని, మరో పరీక్ష చేయవచ్చని మీకు చెప్పకుండా సంతకం తీసుకుని ఉంటే అది విడిగా ఒక వాదన.

ఇప్పుడు మీకు నచ్చని ప్రశ్న. మొదటి ఆపరేషన్ కాగితాలు మీరు రెండో ఆసుపత్రికి ఇచ్చారా? ‘ఇంట్లో ఉన్నాయి, తరువాత తెస్తాం’ అని ఉంటే ఎదుటి న్యాయవాది మొదటి గంటలోనే ఆ మాట పట్టుకుంటారు. జరిగింది జరిగినట్టు మీ న్యాయవాదికి ముందే చెప్పండి.

కాగితాల కోసం రెండు ఆసుపత్రులకూ రాతపూర్వకంగా దరఖాస్తు చేయండి. 2002 నాటి వైద్య వృత్తి నియమావళి ప్రకారం అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. వాటిని భద్రపరచాల్సిన గడువు చికిత్స మొదలైన నాటి నుంచి 3 ఏళ్లే, అందుకే ఆలస్యం వద్దు. రిపోర్టు కాగితంతో సరిపెట్టుకోకుండా స్కాన్ బొమ్మలున్న సీడీ కూడా అడగండి. ఆ సీడీని ఈ కేసుతో సంబంధం లేని రేడియాలజిస్ట్‌కు చూపించి రాతపూర్వక అభిప్రాయం తీసుకోండి. నిపుణుడి సాక్ష్యం ప్రతి కేసులోనూ తప్పనిసరి కాదని 2010లో సుప్రీంకోర్టు అన్న మాట నిజమే. అది తప్పు కళ్లకు కట్టినట్టుండే కేసులకు పనికొస్తుంది. ఫెల్ట్‌కూ లీకుకూ తేడా అలాంటిది కాదు.

ఫీజు చెల్లించి చికిత్స పొందారు కనుక వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. 2019 చట్టం 69వ సెక్షన్ ప్రకారం గడువు రెండేళ్లు. రెండో ఆపరేషన్ తేదీ నుంచే లెక్కపెట్టుకుని అంతకు ముందే దాఖలు చేయండి. ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉన్నా దాని మీద ఆశ పెట్టుకోవద్దు. క్రిమినల్ ఫిర్యాదు చేయమని ఎవరైనా ఎగదోస్తే వినకండి. దానికి తీవ్ర నిర్లక్ష్యం చూపాలి, మీరు చెప్పిన వివరాల్లో నాకు అది కనిపించలేదు.