క్లాసుకు రానక్కర్లేదు అనే బీఈడీ కాలేజీలో చేర్చవచ్చా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. మా అమ్మాయి బీఎస్సీ బీజెడ్‌సీ చదివింది, ఎడ్‌సెట్‌లో ర్యాంకు వచ్చింది. యూనివర్సిటీ గుర్తింపు ఉన్న ఒక ప్రైవేటు కాలేజీ వాళ్లు ఇంటికొచ్చి, "రోజూ రానక్కర్లేదు, పరీక్షలకు వస్తే చాలు, రికార్డులు మేం చూసుకుంటాం" అంటున్నారు. బస్సు, హాస్టల్ ఖర్చు మిగులుతుంది కదా అనిపిస్తోంది. మంచి కాలేజీ అని ఎట్ల తెలుసుకోవాలి సార్?

జవాబు: అయ్యా, ఆ మాట చెప్పిన కాలేజీని సీటు కోసం ఆన్‌లైన్‌లో పెట్టే వెబ్ ఆప్షన్లలో పెట్టొద్దు. మీకు మిగిలే డబ్బు కన్నా అమ్మాయికి పోయేది ఎక్కువ.

బీఈడీలో అసలు చదువు పాఠశాలలోనే జరుగుతుంది. టీచర్ చదువులకు నియమాలు పెట్టే జాతీయ మండలి ఎన్‌సీటీఈ 2014 నిబంధనల ప్రకారం రెండేళ్లలో 20 వారాలు బడిలో ఇంటర్న్‌షిప్ చేయాలి. దానికి 90 శాతం, మిగతా కోర్సుకు 80 శాతం హాజరు ఉండాలి. నలభై మంది పిల్లల ముందు మొదటిసారి నిలబడితే ఎవరికైనా గొంతు ఎండుతుంది. లెసన్ ప్లాన్‌లో నలభై నిమిషాలకు రాసుకున్నది పదిహేను నిమిషాల్లో అయిపోతుంది. వెనక బెంచీలో కూర్చున్న లెక్చరర్ ఆ తప్పు చూసి చెప్తే రేపటి పాఠం బాగుపడుతుంది. కొనుక్కున్న రికార్డు ఆ పని చేయదు. ఇలా చదివి పట్టా తెచ్చుకున్న పిల్లలు ప్రైవేటు స్కూల్లో డెమో క్లాసు అనగానే టెన్షన్ పడి వెనక్కి వచ్చేయడం నేను చాలాసార్లు చూశాను. అప్పుడు వాళ్ల ముఖం చూస్తే బాధేస్తుంది.

ప్రభుత్వ టీచరు ఉద్యోగానికి పెట్టే డీఎస్సీ రాత పరీక్షే కదా, క్లాసులు ఎందుకు అని మిమ్మల్ని ఎవరైనా అడగవచ్చు. 2024 డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్ (హైస్కూల్ సబ్జెక్టు టీచర్) పేపరు 80 మార్కులకు పెట్టారు. అందులో మెథడాలజీకి (సబ్జెక్టు బోధించే పద్ధతులకు) 16, విద్యా దృక్పథాలకు 10 మార్కులు. క్లాసులో కూర్చున్న వాళ్లకు ఈ 26 మార్కుల్లో చాలావరకు ముందే తెలిసిన విషయాలే. కూర్చోని వాళ్లు మళ్లీ కోచింగ్‌కు డబ్బు కట్టాలి.

ఇక కాలేజీని చూసే పద్ధతి. ముందు ఎన్‌సీటీఈ గుర్తింపు, యూనివర్సిటీ అఫిలియేషన్ రెండూ ఈ ఏడాదికి ఉన్నాయో లేదో చూడండి. నల్గొండ వైపైతే మహాత్మాగాంధీ, మహబూబ్‌నగర్ వైపైతే పాలమూరు యూనివర్సిటీ. తర్వాత, చెప్పకుండా ఒక మంగళవారమో బుధవారమో పదకొండు గంటలకు కాలేజీకి వెళ్లండి. క్లాసుల్లో పిల్లలున్నారా? ఏటా వంద మందిని చేర్చుకునే కాలేజీకి 16 మంది పూర్తికాలం అధ్యాపకులు ఉండాలి. వెబ్‌సైట్‌లో పేర్లు పెడతారు. ఆ పేర్లలో బయాలజీ మెథడాలజీ చెప్పేవారు ఎవరో అడిగి, వారిని కలవండి. వారు లేరంటే మీకు అర్థమైపోతుంది.

టీచింగ్ ప్రాక్టీస్‌కు ఏ బడికి పంపుతారో అడగండి. వీలైతే ఆ జెడ్పీ హైస్కూల్‌కే వెళ్లి హెడ్‌మాస్టర్‌ను, "ఈ కాలేజీ పిల్లలు నిజంగా పాఠం చెప్తారా, సంతకం పెట్టి పోతారా?" అని అడగండి. నేనైతే కాలేజీలకు జాతీయ స్థాయిలో ఇచ్చే న్యాక్ గ్రేడు కన్నా ఆయన మాటనే ఎక్కువ నమ్ముతాను. భవనం, బస్సు, బ్రోచర్‌లోని ఫొటోలు పక్కన పెట్టండి.

ఒక జాగ్రత్త. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం బీఈడీతో ఒకటి నుంచి ఐదో తరగతి వరకు టీచర్ పోస్టుకు అర్హత లేదు. ఆ తరగతుల టీచర్ అంటే ఎస్జీటీ కావాలంటే డీఎడ్ డిప్లొమా చేయాలి. బీఈడీతో మీ అమ్మాయి చూడాల్సింది స్కూల్ అసిస్టెంట్ బయాలజీ. ఆమెకు చిన్న పిల్లలకు చెప్పడమే ఇష్టమైతే దారి వేరు. కాబట్టి ఆప్షన్లు పెట్టేముందు ఒకసారి కూర్చోబెట్టి అడగండి.

ఇంట్లో ఇంటర్ చదివే పిల్లలు ఇంకెవరైనా ఉంటే, డిగ్రీ, బీఈడీ కలిసిన నాలుగేళ్ల ఐటెప్ కోర్సు వరంగల్ నిట్‌లో ఉందని వారికి చెప్పండి.