ఇండియాలో ఉంటూ అమెరికా రివార్డ్స్ క్రెడిట్ కార్డు తీసుకోవచ్చా?

మామూలుగా కుదరదు. అమెరికాలో చిరునామా, అక్కడి పన్ను గుర్తింపు నంబరు, అక్కడి అప్పుల చరిత్ర లేనివాళ్లకు బ్యాంకులు మంచి రివార్డ్స్ కార్డు దాదాపుగా ఇవ్వవు.

మామూలు క్రెడిట్ కార్డు అంటే తాకట్టు లేని అప్పు. విమాన టికెట్లకు వాడుకునే మైళ్లు, క్యాష్‌బ్యాక్ ఎర చూపించేముందు మీరు తీరుస్తారా లేదా అని బ్యాంకు చూసుకుంటుంది. అందుకు అక్కడివాళ్ల అప్పుల చరిత్రను నమోదు చేసే ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, ట్రాన్స్‌యూనియన్ సంస్థల దగ్గరుండే ఫైలు తిరగేస్తుంది. మీ పేరున అక్కడ ఫైలే ఉండదు.

సిబిల్ స్కోరు 800 ఉంది కాబట్టి అక్కడా చెల్లుతుందని చాలామంది అనుకుంటారు. చెల్లదు. తమాషా ఏమిటంటే సిబిల్ కూడా ట్రాన్స్‌యూనియన్‌దే, అయినా ఇక్కడి స్కోరు దానంతటదే సముద్రం దాటదు. కొత్తగా వచ్చినవాళ్ల ఇండియా చరిత్రను చూసే అమెరికన్ ఎక్స్‌ప్రెస్ లాంటివి ఉన్నాయి గానీ, వాటికీ అమెరికా చిరునామా కావాల్సిందే. సోషల్ సెక్యూరిటీ నంబరు లేకుంటే ఇక దారే లేదన్నదీ పొరపాటే. ఆ నంబరు రానివాళ్లకు అమెరికా పన్ను శాఖ ఇచ్చే గుర్తింపు నంబరు ఐటిన్‌తో కార్డు ఇచ్చే బ్యాంకులున్నాయి.

హైదరాబాద్ నుంచి డల్లాస్‌కు ఎంఎస్ చదవడానికి వెళ్లిన విద్యార్థినే తీసుకోండి. 200 డాలర్లు డిపాజిట్ కట్టి, ఆ డబ్బే హామీగా ఉండే సెక్యూర్డ్ కార్డు తీసుకుంటాడు. లిమిట్ కూడా అంతే. నెలనెలా ఫోన్ బిల్లు దాంతో కట్టి, గడువులోపు పూర్తిగా తీర్చేస్తుంటే సుమారు 6 నెలలకు ఫైకో స్కోరు, అంటే అమెరికాలో బ్యాంకులు చూసే క్రెడిట్ స్కోరు, పుడుతుంది. ఇండియా నుంచి నేరుగా అప్లై చేసినవాళ్లకు రాని రివార్డ్స్ కార్డు అప్పుడు అతనికి అందుబాటులోకి వస్తుంది.