నూనె చుక్క ఎందుకు?

ప్రశ్న: సూక్ష్మదర్శినిలో రక్తపు స్మియర్‌ను (స్లైడు మీద పలుచగా పరచిన రక్తపు పొరను) 100 రెట్ల కటకంతో చూసేటప్పుడు స్లైడు మీద నూనె చుక్క వేయమంటారు. నూనె లేకపోతే అంతా మసకగా ఉంటోంది. ఎందుకు? 40 రెట్ల కటకం మీద 25 రెట్ల అక్షికటకం (కంటి దగ్గరి కటకం) పెట్టుకుంటే నూనె లేకుండానే వెయ్యి రెట్లు వస్తాయి కదా?
– డిగ్రీ విద్యార్థిని, కాకినాడ

జవాబు: వెయ్యి రెట్లు వస్తాయి, కానీ కొత్త వివరమేదీ కనబడదు. నమూనాకు దగ్గరగా ఉండే వస్తుకటకం దాని ప్రతిబింబాన్ని పెద్దదిగా, తలకిందులుగా గొట్టంలో ఏర్పరుస్తుంది. అక్షికటకం దానినే మరింత పెంచి చూపుతుంది. మొదటి కటకం విడదీయలేని వివరాన్ని రెండవది తెచ్చిపెట్టలేదు.

విడదీసే ఈ శక్తి, కటకం ఎంత వాలు కిరణాలను అందుకోగలదన్న దాని మీద ఆధారపడుతుందని, జర్మనీలోని యేనాలో కార్ల్ జైస్‌తో కలిసి పనిచేసిన ఎర్నెస్ట్ అబ్బే 1873లో వివరించాడు. దాని కొలత న్యూమరికల్ అపెర్చర్. కటకం ఒంటి మీదే చెక్కి ఉంటుంది. కాంతి తరంగదైర్ఘ్యాన్ని ఆ సంఖ్యకు రెట్టింపుతో భాగిస్తే, విడివిడిగా కనబడగల రెండు బిందువుల మధ్య కనీస దూరం తెలుస్తుంది. 550 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతిలో, 0.65 అపెర్చర్ ఉన్న 40 రెట్ల కటకానికి అది సుమారు 0.42 మైక్రోమీటర్లు, 1.25 ఉన్న 100 రెట్ల కటకానికి 0.22. ఏడెనిమిది మైక్రోమీటర్ల ఎర్ర రక్తకణంలో మలేరియా పరాన్నజీవి ఉంగరాన్నీ, దాని అంచున ఉండే కేంద్రకపు చుక్కనూ నమ్మకంగా గుర్తించడానికి ఈ తేడాయే ఆధారం.

అపెర్చర్ కటకం ముందున్న మాధ్యమపు వక్రీభవన గుణకాన్ని (కాంతిని ఎంత వంచుతుందన్న కొలతను) దాటలేదు. గాలి గుణకం 1 కనుక, గాలిలో పనిచేసే ఏ కటకం అపెర్చరూ 1ని దాటలేదు. కవర్‌స్లిప్ (నమూనాపై కప్పే పలుచని గాజుపలక) ఉన్న స్లైడులోనైతే, సుమారు 41 డిగ్రీలకు మించి వాలిన కిరణం గాజు దాటి గాలిలోకి రాలేక పూర్తిగా గాజులోకే తిరిగిపోతుంది (సంపూర్ణాంతర పరావర్తనం). మీరు వేసే నూనె, అంటే ఇమ్మర్షన్ ఆయిల్, గుణకం గాజుకు దాదాపు సమానంగా, 1.515 ఉంటుంది కాబట్టి, ఆ కిరణాలు వంగకుండా నేరుగా కటకంలోకి చేరతాయి. పైగా 100 రెట్ల కటకాన్ని నూనె ఉంటుందన్న లెక్కతోనే తయారుచేస్తారు. మీకు కనబడిన మసకకు అదీ ఒక కారణం.

చాలామంది పట్టించుకోనిది కండెన్సర్, అంటే స్లైడు కింద ఉండి దీపం కాంతిని నమూనా మీదకు కేంద్రీకరించే కటకం. దానిని స్లైడుకు దగ్గరగా పైకి లేపి, దానిలోని ఐరిస్ డయాఫ్రంను (కాంతి వచ్చే రంధ్రాన్ని పెంచి తగ్గించే తెరను) తగినంత తెరవకపోతే, నూనె వేసినా కటకం పూర్తి శక్తితో పనిచేయదు. వెలుతురు ఎక్కువైందని ఐరిస్‌ను మూసేయడం సరికాదు; దీపం కాంతినే తగ్గించుకోవాలి.

పని పూర్తయ్యాక నూనెను లెన్స్ పేపర్‌తో తుడవండి. 40 రెట్ల కటకానికి మాత్రం నూనె తగలనివ్వకండి.