భ్రమరాంబ పేరులో దోషముందా?

ప్రశ్న: మా పాపకు మూడు నెలలు. కాలం చేసిన మా అత్తగారి పేరు, భ్రమరాంబ, పెట్టాలని మా వారి కోరిక. అందులో 'భ్రమ' ఉంది, ఆడపిల్లకు మంచిది కాదని బంధువులొకరు అన్నారు. మరీ పాత పేరని కూడా అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, ఆ మాటకు బెంగపడకండి. సంస్కృతంలో 'భ్రమ్' ధాతువుకు తిరగడమని అర్థం. మనసు దారితప్పి తిరిగితే భ్రమ. పువ్వుల చుట్టూ తిరిగేది భ్రమరం, అంటే మన తుమ్మెద. దానికి 'అంబ' చేరి, సవర్ణదీర్ఘసంధితో భ్రమరాంబ అయింది. 'భ్రమర'లో రేఫలు రెండున్నాయి కాబట్టి తుమ్మెదకు 'ద్విరేఫం' అని మరో పేరు వచ్చింది! నేను ముప్పై ఏళ్లు తెలుగు పాఠం చెప్పాను. ఈ సంగతి చెప్పిన రోజున పిల్లలు ఆ మాట రాసుకుని, భ కింది క్రావడిని, చివరి ర-ను వేలితో లెక్కపెట్టుకునేవారు.

దేవీ భాగవతంలో అరుణుడనే రాక్షసుడు రెండు కాళ్ల ప్రాణితో గాని, నాలుగు కాళ్ల ప్రాణితో గాని చావు రాకుండా బ్రహ్మ దగ్గర వరం పొందుతాడు. అమ్మవారు తుమ్మెదల దండును పంపింది. తుమ్మెద షట్పదం, ఆరు కాళ్లది. ఆ తల్లే శ్రీశైలంలో భ్రమరాంబగా వెలసిందని మన నమ్మకం. అష్టాదశ శక్తిపీఠాల స్తోత్రంలో 'శ్రీశైలే భ్రమరాంబికా' అని ఆమెనే తలుచుకుంటాం. పక్కనున్న స్వామి మల్లికార్జునుడు. ఆయన పేరులో మల్లె, ఆమె పేరులో తుమ్మెద! ఇంత అందమైన జంట పేర్లు నాకు మరెక్కడా కనబడలేదు.

పాత పేరన్నది నిజమే. శ్రీశైలంలో మొక్కుకున్నాక పుట్టిన ఆడపిల్లలకు ఈ పేరు పెట్టుకునేవారు. మా వీధిలోనే ఇద్దరు భ్రమరాంబలుండేవారు. ఇప్పుడు హాజరు పట్టీల్లో అరుదు. అరుదైతే మీ పాపకు మంచిదే, తరగతిలో ఇంటిపేరు చేర్చి పిలవనక్కర్లేదు. ఇంట్లో 'భ్రమర' అనండి. జనన ధ్రువపత్రంలో మాత్రం 'బ్రమరాంబ' అని పడకుండా దగ్గరుండి చూసుకోండి. ఒత్తు పోతే తుమ్మెదే పోతుంది.

అమ్మవారి గుడి వెనుక గోడకు చెవి ఆనిస్తే ఝుంకారం వినిపిస్తుందంటారు. ఆరేళ్ల వయసులో మా అమ్మ నన్ను ఎత్తుకుని ఆ గోడకు ఆనించింది. రాయి చల్లగా తగిలింది, లోపల సన్నగా 'ఝుం' అని విన్నాను. పాప కాస్త పెద్దయ్యాక మీరూ ఒకసారి తీసుకువెళ్లి ఎత్తుకోండి.