ట్రైలర్ కొనే ముందు బరువు లెక్క వెయ్యి

చి. కిరణ్‌కు మామయ్య ఆశీస్సులు.

డాలస్ దగ్గర లాన్ కాంట్రాక్టులు మొదలుపెడుతున్నానని, ఎంత పొడవు ట్రైలర్ కొనమంటావని అడిగావు. పొడవు సంగతి తర్వాత. ముందు కాగితం తీసుకుని నువ్వు ఎక్కించబోయే సామానంతా పౌండ్లలో రాయి. 60 అంగుళాల జీరో టర్న్ మోవర్ (కూర్చుని నడిపే, ఉన్నచోటే తిరిగే గడ్డి కోత యంత్రం) 1,200 నుంచి 1,400 ఉంటుంది. వెనక నడుస్తూ నడిపే కమర్షియల్ మోవర్ ఇంకో 500. ట్రిమ్మర్లు, బ్లోయర్లు, వాటి స్టాండ్లు, పెట్రోలు డబ్బాలు, నీళ్ల కూలర్ కలిపితే 300కి తగ్గదు. మామూలు గడ్డి కోతకే 2,000 దాటింది. సాడ్, అంటే మట్టితో సహా కోసి తెచ్చి పరిచే పచ్చిక, ఒక ప్యాలెట్ (చెక్క పళ్లెం నిండా) ఎక్కించావంటే, తడిగా ఉన్నప్పుడు అదొక్కటే 3,000 తూగగలదు.

ఇప్పుడు ట్రైలర్‌కి ముందు ఎడమ పక్కన ఉండే ప్లేటు చదువు. అందులో జీవీడబ్ల్యూఆర్ అని ఉన్న అంకె ట్రైలర్ బరువూ సామాను బరువూ కలిపి వేసిన హద్దు. అమ్మేవాడు దాన్నే 'కెపాసిటీ' అని చెబుతాడు, నమ్మకు. ఖాళీ బరువు తీసేస్తే మిగిలిందే నీది. ఒంటి ఇరుసు ట్రైలర్లకు చాలావాటి మీద 2,990 అని ఉంటుంది. కింద ఇరుసు 3,500 మోయగలదు, కానీ చాలా రాష్ట్రాల్లో 3,000 దగ్గర బ్రేకుల నిబంధన మొదలవుతుంది కాబట్టి ఆ ఖర్చు లేకుండా అక్కడే ఆపుతారు. ఖాళీ బరువు 1,200 తీసేస్తే మిగిలేది 1,800. నీ సామానుకు మొదటిరోజే చాలదు.

నన్నడిగితే 7 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు, రెండు ఇరుసులు, 7,000 పౌండ్ల జీవీడబ్ల్యూఆర్ ఉన్న ఓపెన్ ట్రైలర్ తీసుకో. ఖాళీ బరువు 2,000 పైచిలుకు పోయినా ఐదువేలకు కాస్త అటూ ఇటూగా మిగులుతుంది. ఒక టైరు పేలినా పక్కకు ఆపేదాకా రెండో ఇరుసు కాస్తుంది. టెక్సాస్‌లో మొత్తం బరువు 4,500 దాటితే బ్రేకులు ఉండాలి. చవక మోడళ్లలో ఒక ఇరుసుకే బ్రేకులు బిగించి ఇస్తారు, రెండింటికీ ఉన్నాయా అని వంగి చూడు. ఎలక్ట్రిక్ బ్రేకులకు నీ పికప్ ట్రక్కులో 7 పిన్నుల ప్లగ్గు, డ్రైవరు దగ్గర బ్రేక్ కంట్రోలర్ కావాలి. 4 పిన్నుల ప్లగ్గుతో లైట్లు వెలుగుతాయి, బ్రేకులు పడవు.

చాలామంది పట్టించుకోనిది ట్రక్కు లెక్క. ప్రకటనలో 'పదివేలు లాగుతుంది' అని ఉంటుంది. నువ్వు చూడాల్సింది డ్రైవరు తలుపు పక్కన ఉన్న పసుపు స్టిక్కరు. మనుషులూ సామానూ కలిపి ఇంతకు మించకూడదని అందులో ఉంటుంది. ట్రైలర్ ముక్కు ట్రక్కు మీద మోపే బరువు కూడా అందులోకే వస్తుంది. ఉదాహరణకు 1,500 అని ఉందనుకో. ముగ్గురు మనుషులు 550, వెనక తొట్టిలో పనిముట్లు 300, ముక్కు బరువు 600, అయిపోయింది. ట్రక్కు లాగగలదు, మోయలేదు.

ఆ ముక్కు బరువు ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి. తగ్గితే హైవే మీద ట్రైలర్ తోక ఊపుతుంది. ఆ ఊపు పెద్దదైతే ట్రక్కుని కూడా తిప్పేస్తుంది. ఎక్కువైతే ట్రక్కు వెనక కుంగి ముందు చక్రాలకు పట్టు తగ్గుతుంది. అందుకే పెద్ద మోవర్ ఇరుసుల మీద, కాస్త ముందుకు నిలబెట్టాలి. తెలుసుకోవాలంటే ట్రక్ స్టాపులో లారీలు తూచే కాటా, క్యాట్ స్కేల్ మీద ఒకసారి ట్రక్కు ఒక్కదాన్నే, ఇంకోసారి లోడు ట్రైలర్ తగిలించి తూచు. ట్రక్కు ఇరుసుల మీద ఎంత పెరిగిందో అదే ముక్కు బరువు.

ట్రక్కు వెనక ట్రైలర్ తగిలించే ఇనుప గుండు, అదే బాల్, సైజు విషయంలో కాస్త చాదస్తంగానే ఉండు. 2 అంగుళాలది, 2 5/16 అంగుళాలది, రెండూ దగ్గర దగ్గరగా కనిపిస్తాయి. పెద్ద కప్లర్‌లో (బాల్ మీద కూర్చునే ట్రైలర్ ముక్కు టోపీలో) చిన్న బాల్ పెట్టినా లాచ్ మూసుకుంటుంది, గుంతలో పడ్డప్పుడు ఊడొస్తుంది. తగిలించాక జాకీతో ముక్కుని రెండు అంగుళాలు పైకెత్తు, ట్రక్కు వెనక భాగం దానితో పాటు లేవాలి. గొలుసులు కింద ఒకదాని మీద ఒకటి అడ్డంగా వెయ్యి, ముక్కు ఊడినా రోడ్డు మీద గుచ్చుకోకుండా వాటి మీద ఆగుతుంది. ట్రైలర్ ఊడిపోతే దాని బ్రేకులు పడేలా చేసే బ్రేక్అవే తాడు గొలుసుకు కాదు, ట్రక్కుకే విడిగా తగిలించాలి.

వెనక గేటు విరిగేది ఎక్కువగా మడత బందుల దగ్గరే. మోవర్ ఎక్కేటప్పుడు బరువంతా ట్రైలర్ చివర మీద పడి ట్రక్కు వెనక లేస్తుంది కూడా. రెండు మూలలకీ స్టాండ్లు ఉన్నది తీసుకో, లేకపోతే వెల్డ్ చేయించు. గేటు స్ప్రింగు సాయంతో లేచేదైతే కుర్రాళ్ల నడుములు బాగుంటాయి.

మట్టి, కంకర పనులు కూడా వస్తున్నాయని డంప్ ట్రైలర్ (తొట్టి పైకి లేచి సామాను ఒంపేది) మీద మనసు పెట్టకు, మొదటి ఏడాది అద్దెకు తెచ్చుకో. 7 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవు, 2 అడుగుల గోడలంటే ఏడు ఘన గజాలకు పైగా పడుతుంది. మల్చ్ (మొక్కల మొదళ్లలో పరిచే చెక్క పొట్టు) అయితే ఘన గజం 700 పౌండ్ల లెక్కన నిండుగా నింపొచ్చు. మట్టి గజం 2,000 దాటుతుంది. 14,000 జీవీడబ్ల్యూఆర్ ట్రైలర్‌లో నాలుగు గజాలకే హద్దు దగ్గరపడుతుంది, మిగతా ఖాళీ చూసి లోడర్ వాడు ఇంకో బకెట్ పోస్తాడు. పైగా ట్రైలర్ జీవీడబ్ల్యూఆర్ 10,000 దాటి, ట్రక్కుది కూడా కలిపి 26,001 లేదా అంతకు మించితే కమర్షియల్ లైసెన్సు కావాలి. ఈ 14,000 ట్రైలర్‌కి 10,000 జీవీడబ్ల్యూఆర్ ట్రక్కుతో గండం గడుస్తుంది, 14,000 ట్రక్కుతో గడవదు.

పాతది కొంటే టైటిల్ (యాజమాన్య పత్రం) చూడకుండా డబ్బివ్వకు. ముక్కు గొట్టం ఫ్రేముకు అతికే చోట వెల్డ్‌లో పగుళ్లు వెతుకు. ఒక పక్కే అరిగిన టైరుంటే ఇరుసు వంగి ఉండొచ్చు. టైరు మీద డాట్ అక్షరాల చివరి నాలుగంకెలు తయారైన వారం, సంవత్సరం. 2319 అంటే 2019లో 23వ వారం. గాడులు ఎంత బాగున్నా ఐదారేళ్లు దాటినవాటి ఖర్చు బేరంలో తగ్గించు. లైట్లు మినుకుమంటే ముందు ఫ్రేముకు బిగించిన తెల్ల వైరు విప్పి తుప్పు గీకించు.

కొత్త చక్రాల నట్లు 10, 25, 50 మైళ్ల దగ్గర మళ్లీ టార్క్ రెంచితో బిగించాలి. బేరింగులకు ఏడాదికొకసారి, లేదా 12,000 మైళ్లకు గ్రీజు. గన్నుతో అదేపనిగా కొడితే సీలు దాటి బ్రేకు పట్టీల మీదకు వెళుతుంది, తర్వాత బ్రేకు పట్టదు.

ట్రక్కు ఇన్సూరెన్సులో ట్రైలర్ దొంగతనం, పైనున్న సామాను సాధారణంగా రావు. వాటికి విడిగా పాలసీ అడుగు. అడ్వాన్సు ఇచ్చే ముందు ట్రైలర్ ప్లేటు, నీ తలుపు స్టిక్కరు, రెండింటి ఫోటోలూ నాకు పంపు.

మీ మామయ్య