పోయిన ఏడాదిని రాబట్టుకోవాలా?

ప్రశ్న (2021 ఫిబ్రవరి): మాది విజయవాడ, పటమట. మావారు ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్చరర్, నేను ఇంట్లోనే మగ్గం వర్క్ చేస్తాను. 2020 ఫిబ్రవరిలో ఇద్దరం కూర్చుని ఏడాది ప్లాను మొత్తం డైరీలో రాసుకున్నాం. మేలో ఆడపడుచు పెళ్లి, 2022లో బాబు ఇంజనీరింగ్ కోసం నెలకు 5 వేల సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో పెట్టే డబ్బు), డిసెంబరుకల్లా చేబదుళ్లు తీర్చేయడం. ఒక్కటీ అనుకున్నట్టు జరగలేదు. లాక్‌డౌన్‌తో ఏప్రిల్, మే జీతాలు రాలేదు, తర్వాత నవంబరు దాకా సగమే ఇచ్చారు. సిప్ ఆపి, ఉన్న యూనిట్లు మార్చి ఆఖర్లో అమ్మేశాం. హోమ్ లోన్‌కి ఆరు నెలలూ మారటోరియం (వాయిదాలు ఆపుకునే వెసులుబాటు) తీసుకున్నాం. పీఎఫ్‌లోంచి కొంత తీశాం. ఆగస్టులో ఎనిమిది కాసుల నగలు బ్యాంకులో పెట్టి 2.5 లక్షలు తెచ్చి, రెండు రూపాయల వడ్డీ అప్పులు తీర్చాం. పెళ్లి శ్రావణంలో యాభై మందితో జరిగింది, అందుకని దాచిన దాంట్లో 1.8 లక్షలు మిగిలాయి. డిసెంబరు నుంచి పూర్తి జీతం, 45 వేలు వస్తోంది. ఈ డబ్బుతో నగలు విడిపించాలా, హోమ్ లోన్‌కి కట్టాలా, లేక సెన్సెక్స్ 50 వేలు దాటింది కాబట్టి షేర్లలో పెట్టి పోయిన ఏడాదిని రాబట్టుకోవాలా? మూఢం వల్ల మే దాకా నాకు పెళ్లి ఆర్డర్లు కూడా పెద్దగా ఉండవు. యూనిట్లు అమ్మకుండా ఆగి ఉంటే ఎంత వచ్చేదో అని రోజూ లెక్క వేసుకుంటున్నాను. పెళ్లి మండపం వాళ్లు 40 వేల అడ్వాన్సు తిరిగివ్వడం లేదు, దానికేం చేయాలి? డైరీ పేజీ, లోన్ స్టేట్‌మెంట్ ఫొటోలు పంపుతున్నాను.

జవాబు: మీ డైరీ పేజీ చాలాసేపు చూశాను. ఎంత శ్రద్ధగా రాసుకున్నారో! పెళ్లి మండపం అడ్వాన్సు, ఈఎంఐ, బాబు పుస్తకాలు, దసరా బట్టలు, చివరికి మగ్గం దారాలు, జర్దోసీ కొనడానికి వన్‌టౌన్ వెళ్లే ఆటో ఖర్చు దాకా రాశారు. వచ్చే ప్రతి రూపాయికీ ఎదురుగా ఒక పని ఉంది. ఏ పనీ అప్పజెప్పకుండా ఊరికే పక్కన పెట్టిన డబ్బు మాత్రం ఆ పేజీలో ఎక్కడా లేదు. అందుకే రెండు నెలలు జీతం ఆగేసరికి సిప్, పీఎఫ్, నగలు, ఈఎంఐ అన్నీ ఒకదాని వెంట ఒకటి కదిలాయి. మీరు దుబారా చేయలేదు. గుంటూరులో మిర్చి వ్యాపారం చేసే కుటుంబాల లెక్కలు కూడా నేను చూస్తుంటాను. సీజన్ మధ్యలో యార్డు మూతపడినప్పుడు, మీకంటే ఎన్నో రెట్లు ఆదాయం ఉన్నవాళ్లు కూడా ఇలాగే ఇబ్బంది పడ్డారు.

కాబట్టి పోయిన ఏడాదిని రాబట్టుకోవాలన్న ఆలోచన ముందు పక్కన పెట్టండి. ఆ తొందరతోనే ఈ 1.8 లక్షలు కూడా షేర్లలోకి వెళ్లిపోతాయి. డైరీలో ఉన్న తేదీలను ఒక ఏడాది, కొన్నిటిని ఏడాదిన్నర ముందుకు జరిపి రాసుకోండి. జరపడానికి వీల్లేనిది బాబు కాలేజీ ఒక్కటే. దాని సంగతి కింద చెబుతాను.

ముందు నగల సంగతి, దీంట్లో ఆలస్యం వద్దు. మీరు నగలు పెట్టిన ఆగస్టులో పది గ్రాముల మేలిమి బంగారం 56 వేల దాకా వెళ్లింది. అదే నెలలో రిజర్వు బ్యాంకు, బ్యాంకులు బంగారం విలువలో 75 శాతం బదులు 90 శాతం దాకా అప్పు ఇవ్వొచ్చని వెసులుబాటు ఇచ్చింది. అది 2021 మార్చి 31తో అయిపోతుంది. ఈలోగా బడ్జెట్‌లో కస్టమ్స్ సుంకం తగ్గించారు, ధర కూడా దిగింది. ఇప్పుడు, 2021 ఫిబ్రవరిలో, 22 క్యారెట్ల గ్రాము నాలుగున్నర వేలు అటూ ఇటూగా ఉంది. ఎనిమిది కాసులంటే 64 గ్రాములు. రాళ్లు, తరుగు తీయకుండా చూసినా విలువ 2.9 లక్షల లోపే. మీ బాకీ 9 శాతం వడ్డీతో కలిపి ఇప్పటికే 2.61 లక్షలు. ధర ఇంకాస్త తగ్గితే బ్యాంకు వాళ్లు ఫోన్ చేసి మార్జిన్, అంటే తగ్గిన విలువకు సరిపడా డబ్బు, కట్టమంటారు. ఆ ఫోన్ వచ్చేదాకా ఆగకండి. ఈ వారమే 1.11 లక్షలు కట్టండి. వడ్డీ పోగా అసలు 1.5 లక్షలకు వస్తుంది, ధర పడినా మీకు టెన్షన్ ఉండదు. ఆగస్టులో గడువు వచ్చినప్పుడు మిగతా బాకీకి సులువుగా తిరగరాయించుకోవచ్చు. నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. దాన్ని తీర్చడానికి 9 శాతానికి నగలు పెట్టడం మీరు ఏడాది మొత్తంలో చేసిన మంచి పని. నగలు పెట్టామన్న బాధ మీ ఉత్తరంలో కనిపించింది, అది అక్కర్లేదు.

మిగిలిన 69 వేలు దేనికీ రాయకండి. వేరే సేవింగ్స్ ఖాతాలో వేసి వదిలేయండి. ఈఎంఐతో కలిపి మీ ఇల్లు నెలకు 42 వేలతో నడుస్తోంది, కాబట్టి ఇది నెలన్నర ఖర్చు. చాలదని నాకూ తెలుసు. మే దాకా మగ్గం ఆదాయం అంతంతే కాబట్టి కనీసం ఇదైనా చేతిలో ఉండాలి.

ఇక హోమ్ లోన్. ఇక్కడే మీకు ఎక్కువ డబ్బు మిగులుతుంది కనుక లెక్క పూర్తిగా రాస్తాను. 2020 మార్చిలో మీ బాకీ 20 లక్షలు, వడ్డీ 8.5 శాతం, ఇంకా 180 వాయిదాలు, ఈఎంఐ 19,695. మారటోరియం అంటే మాఫీ అని చాలామంది అనుకున్నారు. ఆ ఆరు నెలల వడ్డీ 86 వేల పైచిలుకు అసలులో కలిసింది. నవంబరులో మీ ఖాతాకు వచ్చిన దాదాపు 1,500 రూపాయలు అందులోని చక్రవడ్డీ భాగం మాత్రమే, కేంద్రం ఇచ్చింది అంతే. అలా సెప్టెంబరులో బాకీ 20.85 లక్షలు. అదే ఈఎంఐ కడుతూ పోతే అక్కడి నుంచి 196 వాయిదాలు కట్టాలి. ఆరు నెలలు ఆపినందుకు పదహారు వాయిదాలు అదనం, అంటే 3 లక్షల పైన.

ఇది చూసి 1.8 లక్షలూ లోన్‌కే కట్టేయాలనిపించొచ్చు. దానికంటే తేలికైన దారి ఉంది. మీ లోన్ పాతది, ఎంసీఎల్ఆర్ పద్ధతిలో, అంటే బ్యాంకు తన ఖర్చులను బట్టి తానే వేసుకునే రేటుతో ఉంది. 2019 అక్టోబరు నుంచి బ్యాంకులు ఇచ్చే కొత్త ఫ్లోటింగ్ (వడ్డీ మారుతూ ఉండే) హోమ్ లోన్లు, రిజర్వు బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే రెపో రేటు లాంటి బయటి రేటుతో ముడిపడి ఉన్నాయి. 5.15 శాతం ఉన్న రెపో 2020 మే నెలకల్లా 4 శాతానికి వచ్చింది, ఈ 2021 మొదట్లో కొత్తవాళ్లకు 7 శాతం దగ్గర ఇస్తున్నారు. కొద్దిపాటి ఫీజు కట్టి మీరూ ఆ పద్ధతిలోకి మారొచ్చు. మార్చిలో 7 శాతానికి మారి, ఈఎంఐ మాత్రం 19,695 అలాగే ఉంచితే ఇంకా 161 లేదా 162 వాయిదాలు చాలు. అసలు లాక్‌డౌనే లేకపోయి ఉంటే ఇప్పటికి మీకు మిగిలేవి 168. బ్రాంచిలో వడ్డీతో పాటు ఈఎంఐ కూడా తగ్గించేస్తాం అంటారు. అది వద్దని, వాయిదాల సంఖ్య తగ్గించమని అర్జీలోనే రాసివ్వండి. మీకు ఎంత శాతం వస్తుందన్నది క్రెడిట్ స్కోరును బట్టి ఉంటుంది. నిబంధనల ప్రకారం మారటోరియం తీసుకున్నందుకు స్కోరు తగ్గకూడదు. అయినా ముందు రిపోర్టు తీసి, ఆ ఆరు నెలలూ బకాయి కింద చూపించలేదు కదా అని ఒకసారి చూడండి. అలా చూపించి ఉంటే సరిచేయించుకోవాలి.

సిప్ యూనిట్లు అమ్మిన సంగతి. 2020 మార్చి 23న సెన్సెక్స్ 26 వేల కింద ముగిసింది, 2021 జనవరి 21న 50 వేలు తాకింది. ఆగి ఉంటే ఎంత వచ్చేదో అని మీరు రోజూ లెక్క వేసుకుంటున్నారని రాశారు. ఆ డబ్బుతో మీరు ఏప్రిల్, మేలో బియ్యం, కూరలు, మందులు కొన్నారు. జీతం లేని ఇంట్లో పొయ్యి వెలిగించింది ఆ యూనిట్లే. ఇప్పుడు మళ్లీ పెట్టాలా అంటే, బాబు ఫీజుకు ఇంకా ఏడాదిన్నరే ఉంది. అంత దగ్గరలో కావాల్సిన డబ్బు షేర్లలో పెట్టకూడదు. రెండు నెలల్లో మూడో వంతుకు పైగా పడిపోవడం ఎలా ఉంటుందో చూసినవాళ్లు మీరు.

మే తర్వాత ముహూర్తాలు మొదలై ఆర్డర్లు వచ్చాక నెలకు 10 వేలు నగల అప్పుకు కట్టండి, వచ్చే ఏడాది దసరాకి నగలు ఇంటికొస్తాయి. అక్కడి నుంచి అదే 10 వేలు ఫీజులకు. చాలనిదానికి విద్యా రుణం తీసుకోండి. ఏడున్నర లక్షల దాకా తాకట్టు అడగరు, పాత పన్ను విధానంలో ఉంటే వడ్డీకి పన్ను మినహాయింపు ఉంది. దానికోసం మళ్లీ నగలు పెట్టొద్దు.

డైరీలో ఒక మూల జులైలో కరోనా చికిత్స ఖర్చులకు పనికొచ్చే కరోనా కవచ్ పాలసీ తీసుకున్నట్టు ఉంది, తొమ్మిదిన్నర నెలలకు. అది ఈ ఏప్రిల్ ఆఖర్లో, మే మొదట్లో అయిపోతుంది. మామూలు హెల్త్ పాలసీ తీసుకుంటే మొదటి 30 రోజులు జబ్బులకు వర్తించదు కాబట్టి మార్చిలోనే ముగ్గురికీ కలిపి ఒకే 5 లక్షల పాలసీ (ఫ్లోటర్) తీసుకోండి. అన్ని కంపెనీల్లోనూ ఒకేలా ఉండే ఆరోగ్య సంజీవని మీకు సరిపోతుంది. క్లెయిములో 5 శాతం మీరు పెట్టుకోవాలి, ప్రీమియం కంపెనీని బట్టి మారుతుంది కనుక రెండు మూడు చోట్ల అడగండి. ఈ ఒక్క ఖర్చుకు మాత్రం ఆ 69 వేలలోంచి తీయొచ్చు.

మండపం వాళ్లు తిరిగివ్వని 40 వేల అడ్వాన్సు గురించి కూడా అడిగారు. డబ్బు రాదంటే మరో శుభకార్యానికి సర్దుబాటు చేస్తామని, గడువు తేదీతో సహా కాగితం మీద రాయించుకోండి. మీ ఇంట్లో ఫంక్షన్ లేకపోతే బంధువుల్లో ఎవరైనా ఆ తేదీ వాడుకుని మీకు డబ్బు ఇచ్చేలా మాట్లాడుకోవచ్చు. నోటిమాట మీద ఊరుకోకండి.

రేపు మావారిని పంపుతాను అని కాకుండా, హోమ్ లోన్ బ్రాంచికి ఇద్దరూ వెళ్లండి. లోన్ ఇద్దరి పేర్ల మీదా ఉంది, రేటు మార్చే పత్రాల మీద సాధారణంగా ఇద్దరి సంతకాలూ అడుగుతారు. కొత్త రేటు ఎంత వచ్చిందో, వాయిదాలు ఎన్నని చెప్పారో నాకు రాయండి, లెక్క సరిచూస్తాను.