మనవాడే కదా అని సంతకం పెట్టేయకండి: అమెరికాలో ఇంటి ఏజెంట్ సంగతి

అమెరికాకి వచ్చి కొన్నేళ్ళు అద్దెకుండి ఇక ఇల్లు కొందాం అనుకునే మనవాళ్ళు దాదాపు అందరూ ముందు ఇళ్ళు చూడటం మొదలెడతారు, ఏజెంట్ సంగతి ఆ తర్వాతే. వాట్సాప్ గ్రూప్‌లో అడిగితే పది నంబర్లు వస్తాయిలే అని ధీమా. పదేం ఖర్మ, ఇరవై వస్తాయి, అందులో సగం ఏజెంట్లే స్వయంగా పెట్టుకున్నవి, మిగతా సగం వాళ్ళ బావమరుదులు పెట్టినవి. నంబర్లకి కరువేం లేదు. కానీ ఆ మనిషి ఈ బేరంలో ఎవరి తరఫున నిలబడతాడు, అతనికి డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుంది, ఈ రెండూ తెలుసుకోకుండా ఇళ్ళు చూట్టానికి వెళ్ళిపోతాం, తర్వాత వచ్చే తలనొప్పులు చాలావరకు అక్కణ్ణుంచే.

ఇంటి ముందు బోర్డు మీద ఫోటో ఉండే ఏజెంట్ అమ్మేవాళ్ళ మనిషి. ఎంత నవ్వుతూ మాట్లాడినా, మీకు నీళ్ళ బాటిల్ ఇచ్చి ఇల్లంతా తిప్పి చూపించినా సరే, అమ్మేవాళ్ళకి ఎక్కువ రేటు తెచ్చిపెట్టడమే వాళ్ళ పని, అందులో తప్పేం లేదు. కాబట్టి మీ బడ్జెట్ ఎంత, మీ లీజ్ ఎప్పుడు అయిపోతుంది, ఇల్లు ఎంత నచ్చింది ఇవి అక్కడ మాట్లాడకూడదు. తెలుగులో మాట్లాడుకుంటే ఏం తెలుస్తుందిలే అనుకుంటారు కొందరు, మొహం చూస్తే తెలిసిపోతుంది, పైగా చాలా ఇళ్ళల్లో కెమెరాలు ఉంటాయి. అలాగే ఇళ్ళ ప్రకటనలు ఉండే జిల్లో సైట్‌లో ఇల్లు చూసి కాంటాక్ట్ ఏజెంట్ అనే బటన్ నొక్కితే చాలాసార్లు ఆ ఇంటి ఏజెంట్‌కి పోదు, కొనేవాళ్ళ వివరాల (లీడ్స్) కోసం ఆ సైట్‌తో ఒప్పందం పెట్టుకున్న వేరే ఏజెంట్‌కి పోతుంది. వాళ్ళు మంచివాళ్ళే కావచ్చు, కానీ మీరు ఎంచుకున్నవాళ్ళు కాదు.

కొత్త ఇళ్ళ దగ్గర ఇంకో మెలిక ఉంది. కమ్యూనిటీలో మోడల్ హోమ్‌లో కూర్చునే సేల్స్ వాళ్ళు బిల్డర్ మనుషులు. మీకు ఏజెంట్ కావాలంటే చాలామంది బిల్డర్లు మొదటిసారి వెళ్ళినప్పుడే ఏజెంట్ వెంట రావాలి లేదా పేరు రిజిస్టర్ చెయ్యాలి అంటారు. ఆదివారం ఊరికే ఒకసారి చూసొద్దాం అని వెళ్ళి, అక్కడ టాబ్లెట్‌లో పేరు ఫోన్ నంబర్ కొట్టేసి, వారం తర్వాత ఏజెంట్‌ని తీసుకెళ్తే, మీరు ముందే వచ్చారు కదా ఇక మీ ఏజెంట్‌కి కమిషన్ ఇవ్వం అంటారు. అప్పుడు ఆ డబ్బు మీరే కట్టుకోవాలి, లేదా ఏజెంట్ లేకుండా కానివ్వాలి.

ఒకే ఏజెంట్ రెండువైపులా ఉండటాన్ని డ్యూయల్ ఏజెన్సీ అంటారు. చాలా రాష్ట్రాల్లో కొనేవాళ్ళు, అమ్మేవాళ్ళు ఇద్దరూ కాగితం మీద ఒప్పుకుంటే కుదురుతుంది, ఫ్లోరిడా, కొలరాడో లాంటి చోట్ల కుదరదు, టెక్సాస్‌లో ఇంటర్మీడియరీ అని వేరే పద్ధతి ఉంది. మొదటిసారి కొనేవాళ్ళు దీని జోలికి పోకపోవడమే మంచిదని నా అభిప్రాయం. రేటు ఎంత చెప్పాలి అని అడిగితే నోరు విప్పలేని మనిషికి అన్ని వేల డాలర్లు ఎందుకు చెప్పండి.

ఇక డబ్బు. ఇదివరకు కొనేవాళ్ళకి ఏజెంట్ ఫ్రీ అనేవాళ్ళు, ఇప్పటికీ మన సీనియర్లు అదే చెప్తుంటారు. 2024 ఆగస్ట్ 17 నుంచి లెక్క మారింది. నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రియల్టర్స్ మీద పడిన కేసు సెటిల్ అయ్యాక వచ్చిన రూల్స్ ప్రకారం, ఎంఎల్ఎస్ (ఏజెంట్లు అమ్మకానికున్న ఇళ్ళు పెట్టుకునే ఉమ్మడి జాబితా) వాడే ఏజెంట్ మీకు ఇల్లు చూపించాలంటే ముందు మీతో రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోవాలి, అందులో తన ఫీజు ఎంతో స్పష్టంగా ఉండాలి, ఫీజు బేరమాడుకోవచ్చు అన్న మాట కూడా ఉండాలి. అమ్మేవాళ్ళు ఎంత ఇస్తే అంత అని రాయడానికి వీల్లేదు. ఎవరైనా వచ్చి ఇల్లు చూడొచ్చు అని తలుపులు తెరిచిపెట్టే ఓపెన్ హౌస్‌కి మీ అంతట మీరు వెళ్తే, లేదా ఏజెంట్‌తో ఊరికే మాట్లాడితే ఈ కాగితం అక్కర్లేదు, కాబట్టి ఫోన్‌లో హలో అనగానే సంతకం లింక్ పంపించే వాళ్ళని కాస్త ఆగమనండి.

ఉదాహరణకి 5 లక్షల డాలర్ల ఇల్లు, మీరు 3 శాతానికి ఒప్పుకున్నారు అంటే 15,000. అమ్మేవాళ్ళు మీ ఏజెంట్‌కి 2 శాతం, అంటే 10,000 ఇస్తామన్నారు. మిగతా 5,000 మీ జేబులోంచే పోతుంది, డౌన్ పేమెంట్ గీసి గీసి పోగేసుకున్నవాళ్ళకి క్లోజింగ్ దగ్గర, అంటే డబ్బు కట్టి ఇల్లు చేతికొచ్చే రోజున, ఇది చిన్న మొత్తం కాదు. అదే అమ్మేవాళ్ళు 3 కన్నా ఎక్కువ ఇస్తామన్నా ఏజెంట్ రాసుకున్న 3 మించి తీసుకోకూడదు. అందుకే ఆఫర్ పెట్టేటప్పుడే అమ్మేవాళ్ళు ఎంత భరిస్తారో అందులో అడిగించండి, అడిగితే చాలాచోట్ల ఇస్తున్నారు.

రిబేట్ మాట లేకుండా మనవాళ్ళ సంభాషణ పూర్తవదు కదా. ఏజెంట్ తన కమిషన్‌లో కొంత మీకు వెనక్కివ్వడం చాలా రాష్ట్రాల్లో చట్టప్రకారమే, కాన్సస్ లాంటి కొన్నిచోట్ల మాత్రం కుదరదు. ఇచ్చేదేదో లోన్ ఇచ్చేవాళ్ళకి చెప్పి క్లోజింగ్ కాగితాల్లో చూపించే ఇవ్వాలి, తర్వాత విడిగా క్యాష్ ఇస్తా లేదా జెల్ (బ్యాంక్ యాప్‌లో డబ్బు పంపే పద్ధతి) చేస్తా అనే మనిషి దగ్గర్నుంచి లేచి వచ్చేయండి. నన్నడిగితే కొత్త ఇల్లు బిల్డర్ దగ్గర కొనేటప్పుడు రిబేట్ గట్టిగా అడగండి, అక్కడ ఏజెంట్‌కి పని తక్కువ. పాత ఇల్లు అయితే మాత్రం రిబేట్ చూసి మనిషిని ఎంచుకోకండి, పైకప్పు ఎన్నేళ్ళది, ఫౌండేషన్ పగిలిందా, రిపేర్లకి ఎంత తగ్గించమనాలి అన్న దగ్గర పని తెలిసిన ఏజెంట్ ఆ రిబేట్‌కి రెండింతలు మిగిల్చి పెట్టొచ్చు.

మన తెలుగు ఏజెంట్ అయితే మేలా అని చాలామంది అడుగుతారు. మేలే, అమ్మానాన్నలు వస్తే ఉండటానికి కింద బెడ్‌రూమ్, తూర్పు ఫేసింగ్ ఇవన్నీ వివరించే శ్రమ తప్పుతుంది. కానీ పగలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ వీకెండ్ ఏజెంట్‌గా ఉండేవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు, మంగళవారం పొద్దున లిస్టింగ్ వచ్చి సాయంత్రానికి ఆఫర్లు పడే ఏరియాలో వాళ్ళు స్టాండప్ మీటింగ్‌లో ఉంటే మీ పని అయినట్టే. ఈ ఏడాదిలో ఈ ఏరియాలో కొనేవాళ్ళ తరఫున ఎన్ని క్లోజ్ చేశారు, మీరు ఊళ్ళో లేకపోతే ఎవరు చూస్తారు అని మొహమాటం లేకుండా అడగండి. లైసెన్స్ కూడా చూసుకోండి, లైసెన్సులు ఇచ్చే ప్రభుత్వ సంస్థ సైట్‌లో, అంటే టెక్సాస్ అయితే ట్రెక్, కాలిఫోర్నియా అయితే డీఆర్ఈ సైట్‌లో పేరు కొడితే లైసెన్స్ నడుస్తోందా, ఏమైనా చర్యలు తీసుకున్నారా తెలిసిపోతుంది, రెండు నిమిషాల పని.

ఒకటి మాత్రం ఏజెంట్‌ని అడగకండి, ఇక్కడ మనవాళ్ళు ఎంతమంది ఉంటారు, ఫలానా వాళ్ళు ఎక్కువ ఉంటారా అని. 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం ప్రకారం జాతి, మతం, దేశం లాంటివి చూసి కొనేవాళ్ళని ఒక ఏరియా వైపు నెట్టడం చట్టవిరుద్ధం, నిఖార్సైన ఏజెంట్ ఈ ప్రశ్నకి జవాబు చెప్పరు. చెప్పట్లేదని విసుక్కోకండి, సాయంత్రం వెళ్ళి ఆ వీధిలో నడిస్తే మీకే తెలుస్తుంది. తడుముకోకుండా చిట్టా విప్పేసే ఏజెంట్ మిగతా రూల్స్ ఎలా పాటిస్తారో ఆలోచించండి.

ఏజెంట్ నిజాయితీ తెలుసుకోడానికి నేను అందరికీ చెప్పే చిట్కా ఒకటుంది. మీకు బాగా నచ్చిన ఇల్లు చూపించి ఇందులో ఏం బాలేదు అని అడగండి. వెనక హైవే చప్పుడు, ఫ్లడ్ జోన్, ప్రాపర్టీ టాక్స్ ఎక్కువ, అమ్మేటప్పుడు కష్టం అని ఏదో ఒకటి చెప్పాలి. అన్నీ బావున్నాయి, ఈ రోజే ఆఫర్ పెట్టేద్దాం అంటే మీ తొందర కన్నా ఏజెంట్ తొందర ఎక్కువున్నట్టు. ఇన్‌స్పెక్షన్ (కొనేముందు ఇంటి తనిఖీ) వదిలేద్దాం అని తేలిగ్గా అనే వాళ్ళూ అంతే. వాళ్ళు చెప్పిన లెండర్‌నే వాడాలని రూలేం లేదు, ఇన్‌స్పెక్టర్‌ని మాత్రం మీరే వెతుక్కోండి.

హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ళు ఆ సంగతి మొదటి మీటింగ్‌లోనే చెప్పెయ్యండి. క్లోజింగ్‌కి ముందు ఉద్యోగం పోతే లోన్ ఆగిపోతుంది, ఇంకోపక్క ఉద్యోగం పోయాక దేశంలో ఉండనిచ్చే 60 రోజుల గ్రేస్ పీరియడ్ నడుస్తుంటుంది. లోన్ రాకపోతే ఎర్నెస్ట్ మనీ (బయానా) వెనక్కొచ్చే క్లాజ్ కాంట్రాక్ట్‌లో ఉందా, దాని గడువు ఎప్పటిదాకా అన్నది ఏజెంట్ మీకు తేదీతో సహా చెప్పగలగాలి. టెక్సాస్‌లో ఆప్షన్ పీరియడ్ అని ఉంటుంది, ఆ కొన్ని రోజుల్లో ఏ కారణం లేకుండా తప్పుకున్నా ఆప్షన్ ఫీజు ఒక్కటే పోతుంది.

చివరగా ఆ ఒప్పందం కాగితంలో గడువు చూడండి. ఆరు నెలలు, ఏడాది అని రాసి పంపిస్తారు, మీరు నెలకో, లేదంటే ఒక్క ఇంటికో పరిమితం చెయ్యమనండి, నచ్చితే పొడిగించుకోవచ్చు. మధ్యలో మానుకోవాలంటే ఎలా అన్నది రాయించండి. గడువు అయిపోయాక కూడా ఆ ఏజెంట్ చూపించిన ఇల్లు మీరు ఫలానా రోజుల్లోపు కొంటే ఫీజు కట్టాలి అనే లైన్ ఒకటి చాలా ఒప్పందాల్లో ఉంటుంది, ఏజెంట్‌ని మార్చేటప్పుడు చూసిన ఇళ్ళ లిస్ట్ ఈమెయిల్‌లో రాయించుకోండి, లేకపోతే ఒకే ఇంటికి ఇద్దరు ఏజెంట్లు బిల్లు పంపిస్తారు.